గుంటూరు నుంచి లంబసింగి, అరకు: నాలుగు రోజులు ఘాట్ రోడ్ల మీద

ఘాట్ రోడ్డంటే నాకు తెలిసింది కోటప్పకొండ ఒక్కటే. గుంటూరులో కారు నేర్చుకున్న చాలామందికి అంతే. నరసరావుపేట దాకా పోయి, కొండెక్కి, త్రికోటేశ్వరస్వామి దర్శనం చేసుకుని క్షేమంగా దిగి వస్తే, ఇక ఏ కొండైనా నడపగలం అన్న ధైర్యం వచ్చేస్తుంది. నాకూ అలాగే వచ్చింది. ఆ ధైర్యంతోనే పోయిన డిసెంబర్‌లో లంబసింగి, పాడేరు, అరకు మీదుగా నాలుగు రోజుల ప్రయాణం పెట్టుకున్నాను. చూసినవన్నీ చెబుతాను కానీ, నాలుగో రోజు కొండ దిగేటప్పుడు జరిగిన సంగతి కోసమే ముఖ్యంగా ఇది రాస్తున్నాను. మైదానంలో నేర్చుకుని మొదటిసారి కొండలకు బయల్దేరేవాళ్లు అది చదవాలని నా కోరిక.

మేం నలుగురం. నేను, మా ఆయన, పదకొండేళ్ల చిన్నోడు, మా అత్తయ్యగారు. మా ఆయనకు నడుం ఆపరేషన్ అయినప్పటి నుంచి స్టీరింగ్ ముందు గంటకు మించి కూర్చోలేరు. కాబట్టి దారి పొడుగునా నడపాల్సింది నేనే. "విశాఖ దాకా రైల్లో పోయి, అక్కడి నుంచి అద్దాల బోగీలో అరకు పోదాం, హాయిగా ఉంటుంది" అని ఆయన అన్నారు. అరకు వరకైతే అది మంచి మాటే. పెళ్లయిన కొత్తలో మేం ఆ రైల్లోనే వెళ్లాం, సొరంగాలు లెక్కపెట్టుకుంటూ బొర్రా గుహలు కూడా చూసొచ్చాం. కానీ లంబసింగికి రైలు లేదు. అత్తయ్యగారికి మంచు చూడాలని ఎప్పటి నుంచో ఉంది. ఆవిడ అడగరు. టీవీలో లంబసింగి చూపించినప్పుడల్లా చేతిలో పని ఆపి చూస్తారు, అంతే. నాకు అది చాలు.

బయల్దేరే ముందు వారం కారు మెకానిక్‌కి చూపించాను. మా కారును ఆరేళ్లుగా చూస్తున్న తమ్ముడే. టైర్లు, స్టెప్నీలో గాలి, కూలెంట్, వైపర్లు, లైట్లు అన్నీ చూశాడు. ముందు చక్రాలు విప్పి బ్రేక్ ప్యాడ్లు చూపించాడు, సగానికి పైనే మందం ఉంది. తర్వాత బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తీసి, "ఇది మార్చి ఎన్నేళ్లయింది అక్కా?" అన్నాడు. నాకు తెలియదు. అసలు అది మార్చాలనే తెలియదు. లేత తేనె రంగులో ఉండాల్సింది డికాక్షన్‌లా నల్లగా ఉంది. బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమను మెల్లగా పీల్చుకుంటుందట. తేమ చేరిన ఆయిల్ తక్కువ వేడికే మరిగిపోతుంది. మరిగితే పైపుల్లో ఆవిరి బుడగలు పుడతాయి, అప్పుడు పెడల్ ఎంత తొక్కినా బ్రేకు పట్టదు. "ఊళ్లో తిరిగితే ఏం కాదక్కా, కొండ మీదే తెలుస్తుంది దీని సంగతి" అని మొత్తం మార్చేశాడు. వెళ్లేటప్పుడు ఇంకో మాట కూడా చెప్పాడు: "దిగేటప్పుడు గేర్లోనే దిగు, బ్రేక్ మీద దిగొద్దు." నేను సరే సరే అన్నాను. బుర్రకు మాత్రం ఎక్కించుకోలేదు.

గురువారం తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాం. అది కావాలని పెట్టుకున్న రోజు. డిసెంబర్, జనవరి శని ఆదివారాల్లో లంబసింగికి వచ్చే జనాన్ని ఆ రోడ్డు మోయలేదు. రెండో శనివారం సెలవు కలిసొచ్చేలా, చిన్నోడికి బడి మూడు రోజులు మాన్పించి వెళ్లాం. విజయవాడ, ఏలూరు చీకట్లోనే దాటేశాం. కొవ్వూరు దగ్గర గామన్ బ్రిడ్జి ఎక్కేసరికి బాగా వెలుగొచ్చింది. గోదావరి మీద పొగలాగా మంచు. "ఇదేనా మంచంటే?" అని అత్తయ్యగారు అడిగితే, "ఇది శాంపిల్ నానమ్మా" అన్నాడు చిన్నోడు.

అన్నవరంలో ఆగి సత్యనారాయణస్వామి దర్శనం చేసుకున్నాం. రత్నగిరి మీదికి చిన్న ఘాట్ రోడ్డు ఉంటుంది, చేతికి ఆ మాత్రం అలవాటు మంచిదేనని కారు పైదాకా తీసుకెళ్లాను. ఆకులో కట్టిచ్చిన ప్రసాదం అత్తయ్యగారి ఒళ్లో వేడివేడిగా ఉంది. తుని దగ్గర హైవే వదిలి నర్సీపట్నం చేరేసరికి మిట్టమధ్యాహ్నం. అక్కడ భోజనం చేసి ట్యాంకు నిండా పెట్రోలు పోయించాను. పైన చింతపల్లిలోనూ పాడేరులోనూ బంకులు ఉన్నాయి, అయినా కొండ కింద ట్యాంకు నింపుకుంటే మనసు నిమ్మళంగా ఉంటుంది. ఫోన్‌లో మ్యాపు కూడా అక్కడే దించి పెట్టుకోవాలి. పైన సిగ్నల్ ఎక్కడ ఉంటుందో ఎక్కడ పోతుందో చెప్పలేం. చిల్లర నోట్లు కూడా దగ్గర ఉంచుకోండి.

చాలామంది అర్ధరాత్రి నర్సీపట్నంలో బయల్దేరి తెల్లారేసరికి లంబసింగి చేరాలని చూస్తారు. నేను మాత్రం ఎవరికీ అలా చెప్పను. కొత్త రోడ్డు, చీకటి, పొగమంచు, ఎదురుగా నిద్రమత్తులో వచ్చే బళ్లు, ఇన్ని కలిసిన చోటికి పిల్లల్ని వేసుకుని పోకూడదు. మేం పట్టపగలు ఒంటిగంటకు ఎక్కడం మొదలుపెట్టి, రాత్రికి పైనే ఉన్నాం.

డౌనూరు దాటాక అసలు ఘాట్ మొదలవుతుంది. రెండో గేరు, మూడో గేరు, మళ్లీ రెండు. ప్రతి మలుపులో హారన్. ఎక్కేటప్పుడు నాకు భయం వేయలేదు. ఇంజన్ గట్టిగా లాగుతుంటే కారు మన మాట వింటున్నట్టే ఉంటుంది. ఎదురుగా దిగే జీపులవాళ్లు వెడల్పున్న చోట ఆగి మాకు దారిచ్చారు. ఇరుకు కొండ రోడ్డు మీద ఎక్కే బండికే ముందు దారి ఇవ్వాలన్నది నిబంధన. ఎక్కే బండి మధ్యలో ఆగితే మళ్లీ కదలడం కష్టం కదా. అక్కడి డ్రైవర్లు దాన్ని చక్కగా పాటిస్తారు. పాటించంది మనలా కింది నుంచి పోయినవాళ్లే.

దారిలో మా ఆయన అల్లూరి సీతారామరాజు సంగతి ఎత్తారు. బ్రిటిష్‌వాళ్లు ఈ కొండల్లో రోడ్డు పనికి గిరిజనులను పట్టుకెళ్లి, సరైన కూలి ఇవ్వకుండా చాకిరీ చేయించుకున్నారు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ ఆ పనిలో పేరుమోశాడు. అడవిలో పోడు కొట్టుకోవడానికీ ఆంక్షలు పెట్టారు. ఆ కడుపుమంటే 1922లో పోరాటమైంది. ఆ ఆగస్టు 22న సీతారామరాజు దళం చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడి తుపాకులు పట్టుకుపోయింది. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. చిన్నోడు కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "అంటే మనం పోయే రోడ్డు వాళ్లు వేసిందేనా?" అని అడిగాడు. ఇప్పుడున్న తారు రోడ్డు అది కాదు. కానీ ఈ కొండకు మొదట దారి చేసిన చేతులు వాళ్లవే అని చెప్పాను. 2022 ఏప్రిల్‌లో ఏర్పడ్డ కొత్త జిల్లాకు ఆయన పేరు పెట్టారు, పాడేరు దాని కేంద్రం.

లంబసింగి సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉంది. మధ్యాహ్నం చూస్తే మామూలు పల్లెటూరే. ఎండ బాగానే ఉంది, చిన్నోడి మొహంలో నిరాశ. సాయంత్రం ఆరు దాటాక లెక్క మారింది. గాలి లేదు, చప్పుడు లేదు, ఒక్కసారిగా చలి దిగింది. స్థానికులు ఈ ఊరిని కొర్రబయలు అంటారు. రాత్రిపూట ఆరుబయట ఉండిపోతే మనిషి కొర్రులా బిగుసుకుపోతాడని ఆ పేరొచ్చిందని గది ఇచ్చినాయన చెప్పాడు. మేం గుంటూరు నుంచి తెచ్చుకున్న స్వెట్టర్లు ఏ మూలకూ రాలేదు. ఒక్కొక్కరం రెండు దుప్పట్లు కప్పుకున్నాం. మీరు వెళ్తే చెవులకూ పాదాలకూ ముందు చూసుకోండి, ఒంటికి ఎన్ని తొడిగినా చలి అక్కడి నుంచే ఎక్కుతుంది.

మర్నాడు తెల్లవారుజామున ఒక జీపు మాట్లాడుకుని చెరువులవేనం వెళ్లాం. ఆ రోడ్డు మీద మన కారు తీసుకెళ్లకపోవడమే మంచిది. పైన నిలబడితే కాళ్ల కింద లోయంతా మబ్బు. తెల్లటి పాలకుండ ఒలికినట్టు కొండల సందుల్లో నిండిపోయి ఉంది. మెల్లగా ఎండ తగిలి అంచులు పసుపు రంగుకు తిరిగాయి. అత్తయ్యగారు శాలువా తలమీదుగా కప్పుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా, చేతులు జోడించి నిలబడ్డారు. ఆ చేతులు దించడానికి ఆవిడకి చాలాసేపు పట్టింది. నాలుగు రోజుల ఖర్చూ శ్రమా నాకు అక్కడే తీరిపోయాయి.

అదే చోట నా మనసు పాడు చేసిన సంగతి ఒకటుంది. టీ కప్పులు, బిస్కెట్ కవర్లు, వాటర్ బాటిళ్లు గట్టు కిందికి విసిరేసి ఉన్నాయి. గురువారం రాత్రి కూడా దగ్గర్లోని ఒక టెంట్ల దగ్గర డప్పు పాటలు ఒంటిగంట దాకా మోగాయి. అక్కడి జనం తెల్లారితే పొలానికి పోయేవాళ్లు. మనం మంచు చూడటానికి వాళ్ల ఇంటి ముందుకు వెళ్తున్నాం. కనీసం మన చెత్త మనం కారులో వెనక్కి తెచ్చుకోగలం కదా. మేం ఒక గోతాం పెట్టుకున్నాం, అది విశాఖలో దించాం.

శుక్రవారం చింతపల్లి, జి.మాడుగుల మీదుగా పాడేరు పోయాం. తాజంగి చెరువు, దారి పక్క స్ట్రాబెర్రీ తోటలు దాటాక మళ్లీ పొగమంచు పట్టింది. పొగమంచులో హై బీమ్ వేస్తే ముందు తెల్లగోడ లేచినట్టు ఉంటుంది, ఏమీ కనిపించదు. లో బీమ్ వేసుకుని, రోడ్డు ఎడమ అంచున ఉన్న తెల్లగీత పట్టుకుని, ఇరవైలో నడిపాను. లోపల అద్దం మీద ఆవిరి పడితే గుడ్డతో తుడిచే పనికన్నా ఏసీ గాలి అద్దం మీదికి తిప్పడమే పద్ధతి.

పాడేరు చుట్టూ కాఫీ తోటలు చూసి తీరాలి. పొడుగ్గా సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని అల్లుకుని మిరియం తీగలు, ఆ నీడలో నడుమెత్తు కాఫీ మొక్కలు. మేం వెళ్లింది పళ్లు కోసే కాలం. ఎర్రటి పళ్లు బుట్టల్లోకి కోస్తున్నారు, ఇళ్ల ముందు టార్పాలిన్ల మీద గింజలు ఆరబోసి ఉన్నాయి. ఈ అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఒక పండు చిన్నోడు నోట్లో వేసుకుంటే పైన తొక్క తియ్యగా ఉందన్నాడు. లోపలి గింజ మాత్రం కాఫీ వాసనే రాలేదని తెగ ఆశ్చర్యపోయాడు. ఆ వాసన వేయిస్తే వచ్చేది.

దారిలో ఒక ఊళ్లో సంత జరుగుతోంది. అత్తయ్యగారి పుట్టిల్లు దుగ్గిరాల. పసుపు యార్డు పక్కన పెరిగిన మనిషి. ఒక గిరిజన స్త్రీ ముందున్న కుప్పలోంచి పసుపు కొమ్ము తీసుకుని, టప్పున విరిచి, విరిగిన చోటు వెలుతురులో పెట్టి చూశారు. ముదురు నారింజ రంగు. గోటితో గీకి వాసన చూశారు. బేరం ఆడలేదు. "అమ్మాయ్, ఐదు కిలోలు తీసుకో, ఇంత మంచి కొమ్ము నేను చూసి చానా రోజులైంది" అన్నారు. రాజ్మా, మిరియాలు కూడా అక్కడే కొన్నాం. ఆ రాత్రి పాడేరులో ఉండి, పొద్దున్నే మోదకొండమ్మ తల్లి దర్శనం చేసుకుని అరకు బయల్దేరాం. వంజంగి కొండ మీద మబ్బులు ఇంకా బాగుంటాయంటారు కానీ, అత్తయ్యగారి మోకాళ్లు ఆ ఎక్కుడు పడలేవని వదిలేశాం.

అరకు గురించి తెలియనివాళ్లు లేరు, ఎక్కువ చెప్పను. దారి పొడుగునా వలిసె పూల చేలు కొండవాలుకు పసుపు చీర ఆరేసినట్టున్నాయి. కొన్ని చేలల్లో ఫోటో దిగితే డబ్బు అడుగుతారు, ఇచ్చేయండి, తొక్కితే నష్టపోయేది వాళ్లే. డుంబ్రిగుడ దగ్గర చాపరాయి, అరకులో గిరిజన మ్యూజియం చూశాం. సాయంత్రం రోడ్డు పక్క బొంగు చికెన్ తిన్నాం. కారం, అల్లం పట్టించిన ముక్కలు పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి ఆకు కుక్కి, నిప్పుల మీద తిప్పుతారు. చుక్క నూనె వేయరు. గుంటూరు నాలుకకు కారం కాస్త తగ్గినట్టే అనిపించింది, ఆ వెదురు వాసన మాత్రం దేనికీ రాదు.

ఇక ఆదివారం.

అరకు నుంచి సుంకరిమెట్ట, గాలికొండ, అనంతగిరి మీదుగా శృంగవరపుకోట దిగాలి. పొద్దున పదింటికి బయల్దేరాను. ఆదివారం కావడంతో విశాఖ నుంచి ఎక్కే కార్లు, బస్సులు, బైకులు ఆగకుండా వస్తున్నాయి. గాలికొండ దాటాక అంతా దిగుడే. కారు దానంతట అది పోతుంటే నేను మూడో గేరులో, ఒక్కోసారి నాలుగో గేరులో ఉంచి, కుడికాలు బ్రేక్ మీదే పెట్టి దిగుతున్నాను. ప్రతి మలుపులో బ్రేకు. ఎదురు బండి వస్తే బ్రేకు. పెడల్‌ని మొత్తంగా వదిలిన క్షణం లేదు. ఊళ్లో నడిపే అలవాటే అది, తప్పు చేస్తున్నానని కూడా నాకు తెలియదు.

అనంతగిరి దాటి కొంత దూరం వచ్చాక కాలిన వాసన వచ్చింది. ముందు పోయే లారీదేమో అనుకున్నాను. లారీ పక్కకు తప్పుకున్నా వాసన పోలేదు. తర్వాతి మలుపులో బ్రేకు తొక్కితే, ఎప్పుడూ పట్టే చోట పట్టలేదు. పెడల్ మెత్తగా, ఇంకో రెండంగుళాలు లోపలికి పోయాక కారు నెమ్మదించింది. వెన్నులో చలి పుట్టింది. ఎడమవైపు లోయ, ఎదురుగా బస్సు. రెండో గేరుకు మార్చాను, ఇంజన్ ఒక్కసారి గర్జించింది, కారుని ఎవరో వెనక్కి పట్టి లాగినట్టయింది. డముకు వ్యూ పాయింట్ దగ్గర ఖాళీ కనిపిస్తే, అక్కడిదాకా తెచ్చి హ్యాండ్ బ్రేక్ లాగి, మొదటి గేరులో వదిలి ఇంజన్ ఆపాను. ముందు చక్రాల నుంచి సన్నగా పొగ వస్తోంది. నా చేతులు వణుకుతున్నాయి. చిన్నోడు బాటిల్‌లో నీళ్లు చక్రం మీద పోయబోయాడు.

"పోయకు బాబూ! వేడి మీద నీల్లు పోస్తే డిస్కు వంకరపోద్ది" అని వెనక నుంచి కేక. ఒక టూరిస్టు బస్సు డ్రైవరు. యాభై దాటిన మనిషి, మెడలో తువ్వాలు. వచ్చి వంగి చూసి, "ఏటమ్మా, ఏ గేర్లో దిగుతున్నారు?" అని అడిగాడు. మూడు, నాలుగు అన్నాను. తిట్టలేదు, నవ్వలేదు. "ఏ గేర్లో ఎక్కేరో ఆ గేర్లోనే దిగాలమ్మా. పైకి రెండో గేర్లో ఎక్కిన మలుపు కిందకీ రెండో గేర్లోనే దిగాలి. బండిని ఆపాల్సింది ఇంజను. బ్రేకు మరీ అవసరానికే" అన్నాడు.

మా మెకానిక్ తమ్ముడు చెప్పిందీ ఇదే. అప్పుడు వినని మాట అక్కడ పొగ చూస్తూ అర్థమైంది. గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజనే చక్రాలను బిగపట్టి ఉంచుతుంది. గేరు ఎంత చిన్నదైతే పట్టు అంత ఎక్కువ. అలా కాకుండా బ్రేకు అదేపనిగా తొక్కితే ప్యాడ్లూ డిస్కులూ రాసుకుని వేడెక్కుతాయి. ఒక హద్దు దాటాక ప్యాడ్‌కి పట్టు పోతుంది, ఆయిల్ మరిగిందంటే పెడల్ నేలకు ఆనిపోతుంది. మా ఆయిల్ కొత్తది. పాతదే అయి ఉంటే ఆ మలుపు ఏమయ్యేదో నేను తలచుకోదలచుకోలేదు. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో దిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఇంజన్ పట్టు మొత్తం పోయి, బరువంతా బ్రేకు మీదే పడుతుంది.

బ్రేకులు చల్లారడానికి అరగంట ఆగమని ఆ డ్రైవరు చెప్పాడు, మేం ముప్పావుగంట ఆగాం. అత్తయ్యగారు అన్నవరం ప్రసాదంలో మిగిలింది తీసి ఆయనకూ, ఆయన బస్సులో క్లీనరు అబ్బాయికీ పెట్టారు. బయల్దేరే ముందు నిలబడ్డ చోటే పెడల్ తొక్కి చూశాను, గట్టిగానే ఉంది. "నా ఎనకే రండి, నాను ఏ జోరులో దిగితే ఆ జోరులో దిగండి" అన్నాడాయన. టైడా దాటేదాకా ఆ బస్సు వెనకే, కొంచెం దూరం వదిలి, రెండో గేరులో దిగాను. ఇంజన్ మోత ఎక్కువగా ఉంటుంది, పాడైపోతుందేమో అని మొదట టెన్షన్ పడతాం. ఏం కాదు. బ్రేకు కావాల్సి వస్తే ఒకసారి గట్టిగా నొక్కి, వేగం తగ్గగానే పూర్తిగా వదిలేయాలి. కాలు దాని మీద ఆనించి ఉంచకూడదు. పది మలుపులు తిరిగేసరికి కాలికి ఆ లయ తెలిసింది. శృంగవరపుకోట దగ్గర నేల చదునయ్యాక ఆ బస్సు ఒక హారన్ కొట్టి వెళ్లిపోయింది. పేరు అడగలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

ఆ రాత్రి విశాఖలో పడుకుని, సోమవారం హైవే మీద ఇంటికొచ్చాం. మంగళవారం మెకానిక్ దగ్గరికి కారు తీసుకెళ్లాను. చక్రాలు విప్పాడు. ముందు డిస్కుల మీద నీలం మచ్చలు తేలాయి, ప్యాడ్లు అద్దంలా నునుపెక్కి మెరుస్తున్నాయి. వేలితో రాసి చూశాను, గరుకు అన్నది లేదు. ముందు ప్యాడ్లు కొత్తవి వేయించాను. పాతవి రెండు మాత్రం పేపర్లో చుట్టి ఇంటికి తెచ్చుకున్నాను. మా చెల్లెలు సంక్రాంతికి వచ్చినప్పుడు చూపించాలి, వచ్చే ఏడాది వాళ్లు పిల్లలతో కారులో ఊటీ పోదామనుకుంటున్నారు.